బెయేర్షెబా నుంచి దాను దాకా: కూలిన బలిపీఠాల దారిలో ఆరు రోజులు

మన తెలుగు సంఘాల నుంచి ఏటా ఎన్నో బృందాలు హోలీలాండ్ యాత్రకు వెళ్తాయి. బేత్లెహేము, నజరేతు, గలిలయ సముద్రం, యొర్దాను, ఒలీవల కొండ అన్నీ చూసి వస్తారు. చూడాల్సినవే. కానీ సమూయేలు, రాజుల గ్రంథాల్లో పేజీపేజీకీ కనిపించే ఇశ్రాయేలీయుల ఊళ్లు మాత్రం ఆ ప్యాకేజీల్లో దాదాపు ఉండవు. అరాదు, లాకీషు, హాసోరు అన్న పేర్లు చదవడంతోనే సరిపెట్టుకుంటాం. అవన్నీ ఇప్పుడు పాటిదిబ్బలు, అంటే పాత ఊళ్లు పూడిపోయి మిగిలిన దిబ్బలు. ఎక్కి చూడొచ్చు, లోపలికి దిగొచ్చు.

దేశం మొత్తాన్ని చెప్పాలంటే బైబిలు "దాను మొదలుకొని బెయేర్షెబా వరకు" అంటుంది. నిలువునా కొలిస్తే సుమారు 240 కిలోమీటర్లు. ఈ యాత్ర అదే దారిలో దక్షిణం నుంచి ఉత్తరానికి సాగుతుంది, ఒకే ప్రశ్న పట్టుకుని: ఇశ్రాయేలీయులు బలులు ఎక్కడ అర్పించారు? యెహోవా ఏర్పరచుకున్న ఒక్క స్థలంలోనే అర్పించాలని ద్వితీయోపదేశకాండము 12వ అధ్యాయం చెబుతుంది. నేలను తవ్వితే ఊరూరా బలిపీఠాలు బయటపడ్డాయి. వాటిలో చాలావాటిని వాళ్లే కూల్చుకున్నారు. ఊళ్లలోని బలిపీఠాలను తీసేసిన యూదా రాజులు హిజ్కియా, యోషీయా చేసిన సంస్కరణలు అర్థం కావాలంటే ఆ రాళ్లను చూడాలి.

బుధవారం మొదలుపెట్టడం మంచిది. శుక్రవారం మధ్యాహ్నం నుంచి శనివారం చీకటి పడేదాకా విశ్రాంతిదినం. ఆ వేళ చాలా చోట్ల బస్సులు, రైళ్లు నడవవు, యెరూషలేములోని దావీదు పట్టణం శనివారం మూసేస్తారు. మ్యూజియం మాత్రం తెరిచే ఉంటుంది. బుధవారం బయలుదేరితే ఇవన్నీ వాటంతటవే కుదురుతాయి. చాలా దిబ్బలకు బస్సు సరిగా ఉండదు కాబట్టి కారు తప్పదు. మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇక్కడి ఆర్టీవో ఆఫీసులోనే తీసుకుని వెళ్లాలి. దిబ్బలన్నీ నేషనల్ పార్కుల శాఖ కింద ఉన్నాయి, కలిపి ఒకే టికెట్టు కొంటే విడివిడిగా కొన్నదానికన్నా చవక. మూసే వేళకు గంట ముందే లోపలికి పంపడం ఆపేస్తారు. చలికాలంలో పార్కులు వేసవి కన్నా ముందే మూస్తారు, శుక్రవారాలు ఇంకా ముందే. అక్కడి భద్రతా పరిస్థితి త్వరగా మారుతుంటుంది కాబట్టి బయలుదేరే ముందు మన విదేశాంగ శాఖ సూచనలు చూసుకోవాలి.

మొదటి రోజు, బుధవారం: అరాదు, బెయేర్షెబా

అరాదు దిబ్బ కొత్త అరాదు పట్టణానికి పడమరగా సుమారు 10 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఎండ ముదరక ముందే, తెరిచే వేళకే చేరాలి. పైన నీడ లేదు. మనిషికి 3 లీటర్ల నీళ్లు తక్కువ కాకుండా ఉండాలి. కింది భాగం ఇశ్రాయేలీయులకు వెయ్యేళ్లకు పైగా ముందున్న కనానీయుల పట్టణం. దాన్ని త్వరగా దాటేసి పైనున్న చిన్న చదరపు కోటకు ఎక్కాలి. యూదా రాజుల సరిహద్దు కోట ఇదే. 1962 నుంచి 1967 వరకు పురావస్తు శాస్త్రవేత్త యోహానాన్ అహరోని ఇక్కడ తవ్వించారు.

కోట లోపల వాయవ్య మూలన గుడి ఉంది. వాకిలి తూర్పున, అతి పరిశుద్ధ స్థలం అనే లోపలి గది పడమరన. యెరూషలేము మందిరానికీ ఇదే వరస. ఆవరణలో బలిపీఠం. చెక్కని రాళ్లు, మట్టి కలిపి కట్టారు, పైన పెద్ద చెకుముకి రాతి పలక. ఒక్కో వైపు సుమారు రెండున్నర మీటర్లు, అంటే ఐదు మూరలకు దగ్గర. నిర్గమకాండము 27లో బలిపీఠానికి చెప్పిన కొలత ఐదు మూరలే, 20వ అధ్యాయంలో రాళ్లపై పనిముట్టు పడకూడదన్న ఆజ్ఞ ఉంది. ఇక్కడ కట్టినవాళ్లకు ధర్మశాస్త్రం తెలిసినట్టే ఉంది. కొలత తప్పలేదు, రాయి చెక్కలేదు. ఒక్క స్థలం అన్న మాట మాత్రం పాటించలేదు, లేదా ఆ మాట అప్పటికింకా వాళ్ల దాకా రాలేదు. పండితులు ఇప్పటికీ వాదించుకునేది దీని మీదే.

అతి పరిశుద్ధ స్థలానికి ఎక్కే మెట్టు మీద రెండు ధూపవేదికలు దొరికాయి. ఒకటి 52 సెంటీమీటర్ల ఎత్తు, రెండోది 40. వాటిపై నల్లగా అంటుకున్న పదార్థాన్ని పరీక్షించి 2020లో ఫలితాలు ప్రకటించారు. పెద్దదానిపై జంతువుల కొవ్వుతో కలిపిన సాంబ్రాణి, చిన్నదానిపై పేడతో కలిపిన గంజాయి. కొవ్వు కలిపితే మంట వేడెక్కి సాంబ్రాణి బాగా పొగలు కక్కుతుంది. పేడ కలిపితే మంట నెమ్మదిగా ఉండి గంజాయి మాడిపోకుండా కాలుతుంది. దేనికి ఏ వేడి కావాలో తెలిసినవాళ్లే ఆ సేవ చేశారు.

ఈ గుడిని శత్రువులు తగలబెట్టలేదు. ధూపవేదికలను జాగ్రత్తగా పక్కకు పడుకోబెట్టి, బలిపీఠంతో సహా మట్టితో కప్పేశారు. గుడి, బలిపీఠం రెండూ ఒకేసారి, హిజ్కియా కాలంలో మూతపడ్డాయని ఈ తవ్వకాలను మళ్లీ పరిశీలించిన జేవ్ హెర్జోగ్ అన్నారు. బలిపీఠం హిజ్కియా కాలంలో, గుడి యోషీయా కాలంలో పోయాయని అహరోని నమ్మారు. మట్టిపొరల వరస చూస్తే హెర్జోగ్ మాటకే బలం ఎక్కువ. ఇప్పుడు దిబ్బ మీద కనిపించే వేదికలు నకళ్లు. అసలువి నాలుగో రోజు చూస్తాం.

ఇదే కోటలో సిరా రాతలున్న కుండ పెంకులు దొరికాయి. చాలావరకు ఎల్యాషీబు అనే కోట అధికారికి వచ్చిన ఉత్తరాలు. కిత్తీయులకు మూడు బత్‌ల ద్రాక్షారసం ఇవ్వు, ఇచ్చిన రోజు రాసిపెట్టు, రొట్టెలకు పిండి పంపు అని ఒకదానిలో ఉంది. బత్ అంటే సుమారు 22 లీటర్లు. ఈ కిత్తీయులు యూదా సైన్యంలో కూలికి పనిచేసిన గ్రీకు సైనికులని చాలామంది అభిప్రాయం. మరో పెంకులో "యెహోవా మందిరం" అన్న మాటే ఉంది.

మధ్యాహ్నానికి బెయేర్షెబా దిబ్బ. ఇది బెయేర్షెబా నగరంలో లేదు, తూర్పున తెల్ షెవా అనే బెదువీన్ పట్టణం పక్కన ఉంది. మ్యాప్‌లో నగరం పేరు కొడితే ఊరి మధ్యకు తీసుకెళ్తుంది, దిబ్బ పేరే కొట్టాలి. గుమ్మం బయటే 69 మీటర్ల లోతు బావి. లోపల వీధి ఊరి గోడ వెంబడి గుండ్రంగా తిరుగుతుంది, ఇళ్ల వెనక గదులే గోడలో కలిసిపోయాయి. పథకం వేసి కట్టిన చిన్న పాలనా పట్టణం ఇది. చివర్లో హెల్మెట్ ఇచ్చి నీటి గుంటల్లోకి దింపుతారు. వరదొచ్చినప్పుడు వాగు నీళ్లు భూమి కింద నిలవయ్యేలా తొలిచిన గదులు అవి.

1973లో ఇక్కడి గోదాము గోడలో మామూలు గోడరాళ్ల మధ్య బలిపీఠం కొమ్ములు, అంటే దాని మూలల్లో పైకి పొడుచుకొచ్చే రాళ్లు, బయటపడ్డాయి. రాళ్లన్నీ ఏరి పేర్చితే సుమారు 160 సెంటీమీటర్ల ఎత్తు. అరాదుకు పూర్తిగా భిన్నం: నున్నగా చెక్కిన ఇసుకరాయి, పైగా ఒక రాయి మీద సర్పం బొమ్మ. ఆ గోదాము క్రీ.పూ. 701లో అష్షూరు (అస్సీరియా) సామ్రాజ్యం చేసిన దాడిలో కాలిపోయింది. అంటే బలిపీఠం అంతకు ముందే కూలి గోడలో ఇమిడింది. మోషే చేసిన ఇత్తడి సర్పాన్ని హిజ్కియా ముక్కలు చేశాడన్న వచనం (2 రాజులు 18:4) చదివి ఆ రాయిని చూడండి. బెయేర్షెబాకు పోవద్దని ఆమోసు ఎందుకు అరిచాడో కూడా తెలుస్తుంది.

రెండో రోజు, గురువారం: లాకీషు

బెయేర్షెబా నుంచి ఉత్తరానికి గంట లోపు ప్రయాణం. దగ్గర పట్టణం కిర్యత్ గాత్, అక్కడే తిండి, నీళ్లు కొనుక్కోవాలి. యెరూషలేము తర్వాత యూదాలో ఇంత పెద్ద పట్టణం లేదు.

నైరుతి మూల నుంచి మొదలుపెట్టండి. అక్కడ రాళ్ల వాలు కనిపిస్తుంది. అష్షూరు రాజు సన్హెరీబు సైన్యం క్రీ.పూ. 701లో గోడ ఎక్కేందుకు పోసిన దిబ్బ అది. ఇంత పాతది, ఇంకా నిలిచి ఉన్నది ఇది తప్ప ఎక్కడా లేదు. 2021లో ప్రచురించిన ఒక లెక్క ప్రకారం ఒక్కోటి ఆరున్నర కిలోల రాళ్లు సుమారు 30 లక్షలు పట్టాయి. లోపలివాళ్లు ఊరుకోలేదు, గోడకు ఇవతల తమ సొంత మట్టిదిబ్బ పోసి అడ్డం పెట్టారు. తవ్వితే వందల బాణం మొనలు, ఒడిసెల రాళ్లు, ఒక ఇనుప గొలుసు దొరికాయి. గోడను పొడిచే దూలాన్ని పైనుంచి పట్టి లాగేందుకు గొలుసు వాడి ఉంటారు. సన్హెరీబు ఈ ముట్టడిని నీనెవెలో తన రాజభవనం గోడల మీద చెక్కించుకున్నాడు. ఆ పలకలు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, ఫొటోలు ఫోన్‌లో పెట్టుకుని ఈ వాలు ముందు నిలబడి పోల్చి చూడండి.

ఇక గుమ్మం. ఒక్కో వైపు సుమారు 24 మీటర్లు, ఆరు గదులు. పెద్దలు కూర్చునే బల్లలు ఉన్నాయి. 2016లో ఒక గది పూర్తిగా తవ్వినప్పుడు అందులో పూజాస్థలం బయటపడింది. రెండు చిన్న బలిపీఠాలు, వాటి కొమ్ములు ఉలితో కొట్టేసి ఉన్నాయి. అక్కడే మధ్యలో కన్నమున్న రాతి ఆసనం ఒకటి, మరుగుదొడ్డి పీట. అక్కడి మట్టిని పరీక్షిస్తే దాన్ని ఎన్నడూ వాడలేదని తేలింది. స్థలాన్ని అపవిత్రం చేయడానికే పెట్టారని తవ్వినవాళ్ల వాదన. ఇశ్రాయేలు రాజు యెహూ బయలు దేవుడి గుడిని మరుగుదొడ్డిగా మార్చాడని 2 రాజులు 10:27లో ఉన్నది తెలిసిందే. అది పీట కాదనే పండితులూ ఉన్నారు. కానీ కొమ్ములు విరిచారన్న దానిలో సందేహం లేదు. 2 రాజులు 23:8లో యోషీయా గుమ్మాల దగ్గరి ఉన్నతస్థలాలు (పూజాస్థలాలు) పడగొట్టాడని ఉంది, అంటే గుమ్మంలో గుడి అనేది ఆ రోజుల్లో మామూలే.

ఇదే గుమ్మం బయటి వైపు గదిలో 1935లో జె. ఎల్. స్టార్కీ బృందానికి బూడిదలో 18 పెంకుల ఉత్తరాలు దొరికాయి. ఇవి బబులోను రాజు నెబుకద్నెజరు దాడి నాటివి. ఒక ఉత్తరంలో, లాకీషు మంట సంకేతాల కోసం చూస్తున్నాం, అజేకా కనిపించడం లేదు అని ఒక సైనికాధికారి రాశాడు. యిర్మీయా 34:7 చదవండి, యూదాలో అప్పటికి మిగిలిన కోటలు లాకీషు, అజేకా రెండే. దిబ్బ పైకెక్కి ఈశాన్యంగా చూస్తే అజేకా కొండ తెలుస్తుంది. సాయంత్రం యెరూషలేముకు వెళ్తూ అజేకా దగ్గర ఆగి కింద ఏలా లోయను చూడొచ్చు. దావీదు గొల్యాతును ఎదుర్కొన్నది అక్కడే.

మూడో రోజు, శుక్రవారం: యెరూషలేము

పొద్దున్నే దావీదు పట్టణం, ఎందుకంటే మధ్యాహ్నానికి మూసేస్తారు. ఇది సిల్వాన్ అనే పాలస్తీనా నివాస ప్రాంతంలో ఉంది. తవ్వకాల చుట్టూ ఇళ్లు, వాటిలో కుటుంబాలు, వాటి చుట్టూ రాజకీయ వివాదం. నడిచేటప్పుడు అది గుర్తుంచుకోవాలి.

గీహోను ఊట నుంచి హిజ్కియా సొరంగం మొదలవుతుంది. 533 మీటర్లు. మొదట్లో నీళ్లు తొడల దాకా రావొచ్చు, తర్వాత మోకాళ్ల కిందే. నీళ్లు చల్లగా ఉంటాయి. పట్టీ ఉన్న చెప్పులే వేసుకోవాలి, స్లిప్పర్లు అడుగులోనే ఊడిపోతాయి. ఫోన్ లైటు నమ్ముకుంటే ఫోన్ నీళ్లలో పడుతుంది, నెత్తికి కట్టే టార్చి తెచ్చుకోండి. ఇద్దరు పక్కపక్కన నడవలేరు, మధ్యలో వెనక్కి తిరగడం కుదరదు. ఇరుకు చోట్లంటే భయమున్నవాళ్లు, పసిపిల్లలు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు పక్కనే ఉన్న పొడి సొరంగంలో వెళ్లాలి. నడక 30 నుంచి 45 నిమిషాలు.

రెండు బృందాలు రెండు చివరల నుంచి తొలుచుకుంటూ వచ్చాయి. గోడను చేత్తో తడుముతూ నడిస్తే గునపం గాట్లు ఒకే వాలులో ఉన్నట్టు తెలుస్తాయి. ఒక చోట వాలు తిరగబడుతుంది. వాళ్లు కలిసింది అక్కడే. దానికి ముందు ఒకటి రెండు చోట్ల దారి తప్పి తొలిచి ఆపేసిన మొండి గూళ్లు కూడా ఉన్నాయి. అవతలివాళ్ల చప్పుడు విని దిక్కు సరిచేసుకున్నారు. సొరంగం ముగిసే కొలను చివర గోడ మీద వాళ్లే చెక్కిన శాసనం 1880లో దొరికింది: మూడు మూరలు మిగిలి ఉండగా ఒకరి కేక ఒకరికి వినబడింది, నీళ్లు 1,200 మూరలు పారాయి, తలల మీద రాయి 100 మూరలు. 533 మీటర్లను 1,200తో భాగిస్తే మూరకు 44 సెంటీమీటర్లు చిల్లర, మన దగ్గర పూలమ్మి కొలిచే మూరకు ఎక్కువ తేడా లేదు. శాసనంలో రాజు పేరు లేదు, దేవుడి పేరూ లేదు, ఉన్నదంతా పనివాళ్ల మాటే. అసలుది ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది.

సొరంగం నుంచి ఆరబెట్టుకుని పాతనగరంలోని యూదుల పేటకు వెళ్తే విశాలమైన గోడ అనే శిథిలం ఉంది, 7 మీటర్ల మందం. అది ఇళ్ల మీదుగా వెళ్లింది. ప్రాకారం కోసం ఇళ్లు పడగొట్టారని యెషయా 22:10 అన్నది ఇదే. "యెరూషలేములో ఈ బలిపీఠం ముందే మొక్కండి అని హిజ్కియా మీ బలిపీఠాలన్నీ పడగొట్టలేదా" అన్న అర్థంలో అష్షూరు అధికారి రబ్షాకే ప్రజలను రెచ్చగొట్టింది సన్హెరీబు ముట్టడిలోనే (2 రాజులు 18:22). అరాదు, బెయేర్షెబా చూసి వచ్చినవాళ్లకు ఆ మాటలోని దెబ్బ తెలుస్తుంది. ఊళ్లలో జనం తమ గుళ్లు పోయిన కోపంతో ఉన్నారని అష్షూరువాళ్లకు సమాచారం అంది ఉండాలి. 46 ప్రాకార పట్టణాలు పట్టానని, హిజ్కియాను పంజరంలో పిట్టలా బంధించానని సన్హెరీబు రాయించుకున్నాడు. యెరూషలేము పట్టానని మాత్రం ఎక్కడా రాయలేదు. మిగిలిన ఆ ఒక్క బలిపీఠాన్ని ఇవాళ చూడలేం, ఆలయ పర్వతం మీద తవ్వకాలు జరగలేదు.

నాలుగో రోజు, శనివారం: ఇశ్రాయేలు మ్యూజియం

టికెట్టు ముందు రోజే ఆన్‌లైన్‌లో తీసుకోండి. మృతసముద్రపు చుట్టల (పాత బైబిలు రాతప్రతుల) మందిరం దగ్గర జనం మూగుతారు, కాబట్టి ముందు పురావస్తు విభాగానికి వెళ్లాలి. అరాదు అతి పరిశుద్ధ స్థలం, వేదికలతో సహా, రాయికి రాయి పేర్చి ఇక్కడ ఉంది. నల్లటి మసి కంటికి కనబడుతుంది. బెయేర్షెబా కొమ్ముల బలిపీఠం కూడా ఇక్కడిదే.

ఎక్కువసేపు నిలబడాల్సింది రెండు చిన్న వెండి చుట్టల ముందు. 1979లో హిన్నోము లోయ అంచున ఒక సమాధిలో గాబ్రియేల్ బార్కాయ్ బృందానికి దొరికాయి. పెద్దది విప్పితే పొడవు 10 సెంటీమీటర్ల లోపు. విరగకుండా విప్పడానికే మూడేళ్లు పట్టింది. దాని మీద గీరినది, యెహోవా నిన్ను ఆశీర్వదించి కాపాడునుగాక అన్న యాజక ఆశీర్వచనం (సంఖ్యాకాండము 6). మన చేతికందిన బైబిలు వచనాల్లో ఇంతకన్నా పాత రాత లేదు, మృతసముద్రపు చుట్టల కన్నా కొన్ని వందల ఏళ్లు ముందుది. మన ఆరాధన చివర ప్రతి ఆదివారం వినే మాటలు అవి.

ఐదో రోజు, ఆదివారం: మెగిద్దో

ఇక్కడ ఒకదాని మీద ఒకటి 20కి పైగా ఊళ్లు. 8 మీటర్ల వ్యాసమున్న గుండ్రటి బలిపీఠం కనానీయులది, ఇశ్రాయేలు పుట్టక వెయ్యేళ్లకు పైగా ముందుది. గైడ్లు చూపించే సొలొమోను గుమ్మం నిజంగా సొలొమోనుదా, తర్వాతి రాజు అహాబు కాలానిదా అన్నది తేలలేదు. పురావస్తు శాస్త్రవేత్తల్లో యిగాయేల్ యాదీన్ మొదటిదన్నారు, ఇశ్రాయేల్ ఫింకెల్‌స్టైన్ రెండోది. నీటి సొరంగానికి నూట ఎనభైకి పైగా మెట్లు దిగాలి, ఆపై సుమారు 70 మీటర్ల సొరంగం, మళ్లీ మెట్లెక్కితే దిబ్బ బయట తేలతాం. కారు పార్కింగు అవతలి వైపు ఉంటుంది కాబట్టి డ్రైవరు ఉంటే బయటి గేటుకు రమ్మనాలి. క్రీ.పూ. 609లో ఐగుప్తు రాజు ఫరో నెకో చేతిలో యోషీయా చనిపోయింది ఈ మైదానంలోనే.

ఆరో రోజు, సోమవారం: హాసోరు, దాను

హాసోరుకు గంటన్నర చాలు. కాలిన కనానీయుల రాజభవనం, సుమారు 40 మీటర్ల లోతుకు దిగే నీటి బావి చూసి ముందుకు వెళ్లాలి. దానులో ఎక్కువ సమయం కావాలి.

దాను లెబానోను సరిహద్దును ఆనుకుని ఉంది. అప్పుడప్పుడు మూసేస్తారు, ముందు రోజు ఫోన్ చేసి కనుక్కోండి. దక్షిణాన అంత ఎండిన నేల చూశాక ఇక్కడ అడుగడుక్కీ నీళ్లే, యొర్దాను పుట్టే ఊటల్లో ఇదే పెద్దది. చెట్ల కింద దారి గుమ్మం దగ్గరికి చేరుస్తుంది. గుమ్మంలో రాజు లేదా అధికారి కూర్చునే చిన్న పీఠం, దాని పందిరి స్తంభాల కింది రాతి దిమ్మలు, పక్కనే పూజకు వరసగా నిలబెట్టిన ఐదు రాళ్లు. లాకీషు గుమ్మంలో చూసిన వాడుకే ఇక్కడా ఉంది, ఇక్కడ ఎవరూ విరవలేదు. ఈ గుమ్మం దగ్గరే 1993లో అవ్రహాం బిరాన్ బృందానికి ఒక గోడలో అరామీ శాసనపు ముక్క దొరికింది, "దావీదు ఇల్లు" (దావీదు రాజవంశం) అన్న పేరు అందులో ఉంది. మ్యూజియంలో మొన్న శనివారం చూసే ఉంటారు.

పైకి ఎక్కితే, యూదా నుంచి విడిపోయిన ఉత్తర రాజ్యపు మొదటి రాజు యరొబాము బంగారు దూడను నిలిపిన ఉన్నతస్థలం (1 రాజులు 12:29). చెక్కిన రాళ్ల వేదిక, మెట్లు. ముందు బలిపీఠం ఎంత పెద్దదో తెలియడానికి ఇనుప చట్రం నిలబెట్టారు. మనిషి తల కన్నా ఎత్తు. దాని రాతి కొమ్ము ఒకటి దొరికింది. పక్క గదిలో బూడిద ఎత్తే ఇనుప గరిటెలు, నిర్గమకాండము 27:3లో చెప్పినలాంటివే. సామాను అదే, విధి అదే, స్థలం మాత్రం యెరూషలేముకు పోటీగా పెట్టింది. జనం అంత దూరం నడవక్కర్లేదన్న సౌకర్యం యరొబాము చెప్పిన కారణం, రాజ్యం చేజారుతుందన్న భయం అసలు కారణం.

క్రీ.పూ. 722 ప్రాంతంలో ఉత్తర రాజ్యం అష్షూరు చేతిలో పోయింది, జనం చెదిరిపోయారు. గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో ఎఫ్రాయిము గోత్రం మాది అనే తెలుగు యూదు కుటుంబాలు కొన్ని ఉన్నాయి. వాళ్లు చెప్పుకునే కథ మొదలయ్యేది ఈ చెదిరిపోవడం దగ్గరే.

రాజ్యం పోయినా దాను ఉన్నతస్థలంలో పూజ ఆగలేదు. ఇక్కడే గ్రీకు, అరామీ రెండు భాషల్లో ఒక మొక్కుబడి శాసనం దొరికింది, "దానులో ఉన్న దేవునికి" అని. రాళ్లన్నీ చూశాక సమయం మిగిలితే ఎడమ దారిలో వెళ్లి మట్టి ఇటుకల కమాను గుమ్మం చూడండి. అబ్రాహాము కాలం నాటిదని చెప్పే ఆ గుమ్మానికి పైకప్పు వేశారు, ఎండ తగలదు. విమానాశ్రయానికి ఇక్కడి నుంచి కారులో దాదాపు మూడు గంటలు, రాత్రి విమానమైతే మధ్యాహ్నం రెండింటికల్లా బయలుదేరాలి.